థైమస్‌లో మిర్-181: యల్లాప్రగడ సుబ్బారావు స్మారకోపన్యాసం

మూలుగలోని మూలకణాల నుంచే ఎర్రకణాలూ బి-కణాలూ టి-కణాలూ పుడతాయి. సుమారు 22 అక్షరాల పొడవుండే మైక్రో ఆర్ఎన్ఏలు ప్రొటీన్‌గా మారవు, సందేశ ఆర్ఎన్ఏలను పట్టుకుని ప్రొటీన్ తయారీని తగ్గిస్తాయి. 1993లో సూక్ష్మమైన నులిపురుగులో మొదటి మైక్రో ఆర్ఎన్ఏను, అది పనిచేసే తీరును బయటపెట్టిన విక్టర్ ఆంబ్రోస్, గ్యారీ రువ్‌కున్‌లకు 2024లో నోబెల్ వచ్చింది. ఇంతవరకూ తగవు లేదు. మైక్రో ఆర్ఎన్ఏలు కణం ఏ రకంగా మారాలో దారి చూపుతాయా, దారిలో ఎంత సున్నితంగా స్పందించాలో మాత్రమే సరిచేస్తాయా అన్నదే తగవు.

ఈ ఉపన్యాసం ఎవరి స్మృతికో ఆ సుబ్బారావు (1895–1948) భీమవరంలో పుట్టారు. లెడర్లీ ప్రయోగశాలలో ఆయన బృందం తయారుచేసిన అమినోప్టెరిన్‌తోనే సిడ్నీ ఫార్బర్ లుకేమియా పిల్లలకు కొంతకాలమైనా ఊరటనిచ్చారు. ఆ జబ్బు కణాలు ఎదుగుతూ మధ్యలో ఆగిపోయిన లింఫ్ కణాలే. ఈ అంశానికి ఆయన పేరు తగినదనడానికి ఆ ఒక్కటి చాలు.

2004లో చెన్, లోడిష్, బార్టెల్ బృందం ఎలుక మూలుగ కణాల్లో మిర్-181 అనే మైక్రో ఆర్ఎన్ఏను పెంచితే బి-కణాల వాటా పెరిగిందని చూపింది. ‘దారి చూపే ఆర్ఎన్ఏ’ అన్న భావన దానితో బలపడింది. ప్రయోగం సరైనదే, దానిపై కట్టిన నిర్ధారణే నిలవదు. కూరలో గుప్పెడు ఉప్పు వేసి, చిటికెడు ఉప్పు చేసే పని ఇదీ అని తేల్చలేం.

మిర్-181 సహజంగా చేసే పని ఏమిటన్నదానికి 2007 నాటి ప్రయోగాలే జవాబు. టి-కణాలు ఎదిగే థైమస్‌లోని లేత కణాల్లో మిర్-181 కుటుంబంలోని మిర్-181ఎ మెండుగా ఉంటుంది, పరిపక్వ కణాల్లో తగ్గిపోతుంది. టి-కణ గ్రాహకం నుంచి వచ్చే సంకేతాన్ని చల్లార్చే ఫాస్ఫటేజ్ ఎంజైములను అది అణచివేస్తుంది. అందుకే పరిపక్వ కణం పట్టించుకోని బలహీనమైన స్వీయ పెప్టైడ్‌కూ లేత కణం స్పందిస్తుంది, అక్కడే దాని ఎంపిక జరుగుతుంది. 2013లో రెండు బృందాలు ఎలుకల్లో మిర్-181ఎ-1, బి-1 జన్యువులను తొలగించాయి. మామూలు టి-కణాలు చాలావరకు నిలిచాయి, బలమైన సంకేతం లేనిదే పుట్టని ఎన్‌కెటి అనే ప్రత్యేక టి-కణాలు దాదాపు మాయమయ్యాయి. బయటినుంచి బలమైన యాంటిజెన్ అందిస్తే అవి తిరిగి ఎదిగాయి. దారి పోయి ఉంటే యాంటిజెన్ దాన్ని తెచ్చివ్వగలిగేది కాదు.

అదే కుటుంబంలోని మిగతా ఆర్ఎన్ఏలు లోటు భర్తీ చేశాయని ప్రతివాదులు అంటారు. అలాగైతే ఎన్‌కెటి కణాలనూ అవి కాపాడాలి. మిర్-223 కథా ఇలాంటిదే: 2005లో మానవ కణాల ఆధారంగా దాన్ని గ్రాన్యులోసైట్లనే తెల్లకణాల ఎదుగుదలకు ఊతం అన్నారు. 2008లో అది లేని ఎలుకల్లో ఆ కణాలు తగ్గకపోగా పెరిగాయి.

ఈ తగవు తీరాలంటే ఆర్ఎన్ఏను ముట్టుకోకుండా, అది అతుక్కునే చోటును మాత్రమే చెరపాలి. 2008లో ఎయిడ్ (AID) అనే ఎంజైము జన్యువులో మిర్-155 అతుక్కునే చోటును అలా చెరిపితే బి-కణాల్లో ఆ ప్రొటీన్ పెరిగింది. ఫాస్ఫటేజ్ జన్యువుల్లో మిర్-181 అతుక్కునే చోట్లను ఒక్కొక్కటిగా చెరపడమే ప్రస్తుతం ఈ వక్త చేపట్టిన పని. జన్యువు మొత్తాన్ని తొలగించి ఫలితం రాసే యువ పరిశోధకులు అతుక్కునే చోటును మాత్రమే చెరిపే ఈ రెండో ప్రయోగం కూడా చేశాకే ‘నిర్దేశిస్తుంది’ అన్న క్రియ వాడాలి.