అచ్చుకాగితము – దీపపు గొడుగు
(గ్రంథాలయ రజతోత్సవ సభయందు చేయబడిన ఉపన్యాసము)



చదువునకు పుస్తకమెంత ముఖ్యమో దీపమును అంతే ముఖ్యము. దీపము కంటికెదురుగా వ్రేలాడినచో వెలుతురు కంటిని గ్రుచ్చును. పుటపై పడవలసిన కాంతి గోడలపాలగును. ఈ లోపమును తీర్చునదే దీపపు గొడుగు. దీనినే ల్యాంపుషేడు అందురు. ఇంట మూలబడిన అచ్చుకాగితములతో దీనిని ఒక పూటలో చేసికొనవచ్చును. అయితే ఏ కాగితమును కోయవచ్చును, ఏ కాగితమును కోయరాదు అను విచారణ కత్తెర పట్టుటకు ముందే జరుగవలెను.

మొదట పని విధానము. 7 అంగుళముల వ్యాసము గల తీగచుట్టలు రెండు కావలెను. వ్యాసమును 22తో గుణించి 7తో భాగించినచో చుట్టుకొలత వచ్చును. కావున ఈ చుట్టకు 22 అంగుళముల కాగితము పట్టును. అతుకునకు మరియొక అంగుళము చేర్చి 23 అంగుళములు కోయవలెను. గొడుగు ఎత్తు 8 అంగుళములైనచో, తీగపై మడచుటకు పైన అరయంగుళము, క్రింద అరయంగుళము అధికముగా విడువవలెను. మైదాపిండిని నీట కలిపి సన్నని సెగపై చిక్కబడువరకు ఉడికించిన జిగురు చాలును. దానిని పలుచగా పూయవలెను. లేనిచో కాగితము ముడుతలు పడును. లోపలివైపున తెల్లకాగితమును అంటించినచో గొడుగునకు బలము వచ్చును. ఆ తెలుపు కాంతిని పుటపైకి మరలించును.

వార్తాపత్రికకు రెండువైపుల అచ్చుండును. దీపము వెలిగింపగానే వెనుకటి అక్షరములు కుడియెడమలు తారుమారై ముందరివానితో కలిసి గజిబిజియగును. కావున ఒకవైపే అచ్చు గల బొమ్మ క్యాలెండరు, గోడపత్రిక వంటివి మేలు. కాగితము మందమైనచో దానిపై ముగ్గు చుక్కల వరుసను సూదితో పొడువవచ్చును; రాత్రివేళ ఆ చుక్కలే వెలుగు ముగ్గగును.

కొందరు కాగితమునకు నూనె పూయుదురు. కాగితపు పోగుల నడుమనున్న గాలిసందులను నూనె నింపుటచే వెలుతురు సులభముగా చొచ్చుకొని వచ్చుట నిజమే. కాని అట్టి కాగితము నిప్పునకు ఇట్టే లోబడును. నూనె పూయని కాగితమైనను ప్రమిదపైగాని, కిరసనాయిలు బుడ్డిపైగాని, తీగ ఎర్రగా కాలు పాత బల్బుపైగాని ఉంచరాదు. ఆ పాత బల్బు తాను తీసికొను విద్యుత్తులో అధికభాగమును వేడిగానే వెడలగ్రక్కును. 60 వాట్ల పాత బల్బు ఇచ్చు వెలుతురును 9 వాట్ల ఎల్.ఇ.డి. బల్బు రమారమి ఇయ్యగలదు. కావున ఇదియే తగినది. అప్పటికిని బల్బునకు కాగితమునకు నడుమ రెండు మూడంగుళముల ఎడముండవలెను. గాలి యాడుటకు పైన క్రింద మూయక విడువవలెను.

ఇక కాగితపు ఎంపిక. కోరుట్లలో పూర్వము చేతితో కాగితము చేయుచుండిరి. అది పట్వారీల లెక్కపుస్తకములకు వాడబడుచుండెనని 20వ శతాబ్ది ఆరంభమునాటి ఇంపీరియల్ గెజిటీరు తెలుపుచున్నది. 1984లో గ్రామాధికారుల పదవులు రద్దయ్యెను. పాత దస్తరములు ఏ ఇంటి అటకపైనైనను ఇంకను మిగిలియుండవచ్చును. గరుకుగా, వన్నె తగ్గి, అందముగా కనబడు అట్టి కాగితమే దీపపు గొడుగునకు ముందుగా మనసు లాగును. దానిని కోసినచో ఒక పొలపు గట్టు కథయు, ఒక వాడ పేరును తెగిపోవును.

అచ్చుకాగితమునకును ఇదే న్యాయము. సురవరం ప్రతాపరెడ్డిగారు 1926లో గోలకొండ పత్రికను స్థాపించిరి. తెలంగాణమున కవులు లేరన్న మాటకు సమాధానముగా 1934లో 354 మంది కవులతో గోలకొండ కవుల సంచికను వెలువరించిరి. వాదముతో కాక అచ్చుకాగితముతో వారు ఆ మాటను త్రోసివేసిరి. అట్టి పుటలను ఎవరును దాచకున్నచో ఆ సమాధానము నేడు ఎవరికి వినబడును? పైగా వార్తాపత్రిక కాగితము కొయ్యగుజ్జుతో చేయబడినది. నిరంతరము వెలుతురు సోకినచో పసుపెక్కి పెళుసై రాలును. దీపపు చెంత ఉంచుట దానిని గౌరవించుట కాదు.

ఇందుకు సులభమైన మార్గము కలదు. పాత పుట సొగసుగా తోచినచో దానికి జిరాక్సు తీయించి, ఆ నకలుతోనే గొడుగు చేయవలెను. నకలు ఒకవైపే అచ్చగును గనుక తారుమారైన అక్షరముల బాధయు ఉండదు. అసలు పుటను గ్రంథాలయమునకు అప్పగింపవలెను. చేవ్రాత గలది, గ్రామముల పేర్లున్నది, వేరొక ప్రతి దొరకనిది – ఈ మూడింటిలో ఏదైనను కత్తెరకు ఈయక, మొదట గ్రంథపాలకునకు చూపవలెను. మిగిలిన క్యాలెండర్లు, ప్రకటనలు, పాత గోడపత్రికలు పిల్లల చేతికి నిశ్చింతగా ఈయవచ్చును.

ఇరువదియైదేండ్లుగా ఈ గ్రంథాలయము పుస్తకములను ఇంటింటికి పంపినది. ఇకమీదట ఇండ్లలోని పాత కాగితములు గ్రంథాలయమునకు నడిచివచ్చునుగాక. వాని నకళ్ల గొడుగుల క్రింద ఈ గ్రామపు బాలబాలికలు కన్నులు నొవ్వక చదువుకొందురుగాక.