సామర్థ్యం ఒక్కటే చాలదు
(మహిళా కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



"పనిలోనూ జీవితంలోనూ మన పూర్తి శక్తిని అందుకోవటం ఎలా?" అన్న విషయం మీద మాట్లాడమని నిర్వాహకులు నన్ను అడిగారు. ఈ ప్రశ్నకి బజార్లో బోలెడు జవాబులు దొరుకుతాయి. ఆత్మవిశ్వాసం పెంచుకోండి, బెరుకు వదలండి, గంట ముందు నిద్ర లేవండి అని వ్యక్తిత్వ వికాస పుస్తకాలు చెబుతాయి. మనం నడిపే శిక్షణ తరగతుల్లోనూ ఈ మాటలే తిరుగుతుంటాయి. వీటి వెనక ఒక నమ్మకం ఉంది. లోపం స్త్రీలోనే ఉంది, ఆమె మారితే చాలు అన్నది ఆ నమ్మకం. దీన్ని నేను ఒప్పుకోను. స్త్రీ శక్తికి అడ్డుపడేవి ఎక్కువగా ఆమెకి బయటే ఉన్నాయి. వాటిని కదిలించటానికి పూనుకున్నప్పుడే తన శక్తి ఎంతో ఆమెకి తెలిసివస్తుంది.

ముందు సమయం సంగతి చూద్దాం. కేంద్ర ప్రభుత్వం 2024లో జరిపిన సమయ వినియోగ సర్వే ప్రకారం, ఇంటి పని చేసే స్త్రీలు రోజుకి సగటున 289 నిమిషాలు జీతం లేని ఆ పనికి ఇస్తున్నారు. ఇంటి పని చేసే మగవాళ్లు ఇచ్చేది 88 నిమిషాలు. ఈ సగటు ఎంతో కొంత పని చేసినవాళ్లకి వేసినది మాత్రమే. అసలు చీపురు ముట్టని మగవాళ్లు ఈ లెక్కలో లేరు. పిల్లల్నీ ముసలివాళ్లనీ చూసుకునే సమయాన్ని వేరే లెక్కించారు.

పరిశోధన కోసం ఊళ్లు తిరిగేటప్పుడు "నువ్వేం పని చేస్తావమ్మా?" అని అడిగితే, "ఏముందమ్మా, ఇంట్లోనే ఉంటా" అని చాలామంది చెప్పేవాళ్లు. ఆ మాట అంటున్నప్పుడు కూడా వాళ్ల చేతుల్లో చేటో, చంటిబిడ్డో ఉండేది. ఇలాంటి మనిషికి గంట ముందు లేవమని చెప్పటం కంటే, ఇంట్లో ఇంకొకరిని కూడా లేపమని చెప్పటం నయం.

చదువూ ఉద్యోగమూ ఉంటే అడ్డు దానంతటదే తొలగుతుందా? సి.బి. ముత్తమ్మ సంగతి చూడండి. దేశంలో అత్యున్నత పోటీ పరీక్షలో నెగ్గి, 1949లో విదేశాంగ సర్వీసులో చేరిన మొదటి మహిళ ఆమె. ఆమె సామర్థ్యానికి లోటేముంది? అయినా, పెళ్లి చేసుకుంటే ఉద్యోగం వదులుకుంటానని ఆమెతో రాయించుకున్నారు. ఆ సర్వీసులోని స్త్రీ పెళ్లి చేసుకోవాలంటే ప్రభుత్వం నుంచి రాతపూర్వకంగా అనుమతి పొందాలని నియమం. పెళ్లయ్యాక ఇంటి బాధ్యతలు పనికి అడ్డమని ప్రభుత్వం అనుకుంటే ఆమెను రాజీనామా చేయమనవచ్చు. మగ అధికారులకి ఈ షరతు లేదు. తనకి రావలసిన పదోన్నతి రాకపోయేసరికి ఆమె సుప్రీంకోర్టుకి వెళ్లారు. 1979లో జస్టిస్ కృష్ణయ్యర్ తీర్పు చెప్పేనాటికి ప్రభుత్వం ఆమెకి పదోన్నతి ఇచ్చేసింది, ఆ నియమాల్ని తొలగిస్తున్నామనీ చెప్పింది. అందువల్ల పిటిషన్ని కొట్టేశారు. కానీ సర్వీసులో స్త్రీల పట్ల ఉన్న వివక్షని ఆ తీర్పు తీవ్రంగా తప్పుపట్టింది. కాగితం మీద ఆ కేసు గెలిచినట్టు కనిపించదు. అయినా నియమాలు పోయాయి. ముప్ఫై ఏళ్ల సమర్థత కదిలించలేనిదాన్ని ఒక పిటిషన్ కదిలించింది.

కోర్టు దాకా వెళ్లలేని స్త్రీల మాటేమిటి? దీనికి జవాబు మన నేలమీదే ఉంది. నెల్లూరు జిల్లా దూబగుంటలో 90ల మొదట్లో అక్షరాలు నేర్చుకోవటానికి కూర్చున్న కూలి స్త్రీలు, తమ ఇళ్లలోకి రావలసిన కూలి డబ్బు సారా కొట్టుకి పోవటం గురించి మాట్లాడుకున్నారు. మాటలతో ఆగక ఊళ్లో సారా అమ్మకాన్ని అడ్డుకున్నారు. రోశమ్మ పేరు మనందరికీ తెలుసు. ఆ ఊరి కథ అక్షరాస్యత వాచకంలో పాఠమైంది. దాన్ని చదువుకున్న ఊళ్లూ కదిలాయి. 1992లో సారా వేలంపాటల్ని ఆడవాళ్లు అడ్డుకున్నారు. 1993 అక్టోబరు 1 నుంచి సారా నిషేధం, 1995 జనవరిలో సంపూర్ణ మద్య నిషేధం వచ్చాయి. 1997లో సంపూర్ణ నిషేధాన్ని ఎత్తేశారు. దీంట్లో రెండు పాఠాలున్నాయి. ఆ స్త్రీలు ముందు ఆత్మవిశ్వాసం సంపాదించుకుని తర్వాత కదల్లేదు, కదిలాకే అది వచ్చింది. రెండోది చేదు పాఠం. సాధించినదాన్ని కాపలా కాయకపోతే చేజారిపోతుంది.

ఇక మనకి బాగా దగ్గరి ఉదాహరణ అంగన్‌వాడీ. 1975లో ఈ పథకం మొదలైనప్పటి నుంచి, ఇందులో పనిచేసే స్త్రీలు ఉద్యోగులు కారు, సేవకులు అంటూ వచ్చారు. ఇచ్చేదాన్ని జీతం అనకుండా "గౌరవ వేతనం" అన్నారు. గౌరవం మాటలో ఉంది, వేతనంలో లేదు. సేవ అనే మాట తీయగా ఉంటుంది, కానీ సేవకి పనిగంటలుండవు, పదోన్నతి ఉండదు, పదవీ విరమణ నాడు చేతిలో ఏమీ ఉండదు. 2022 ఏప్రిల్లో సుప్రీంకోర్టు అంగన్‌వాడీ వర్కర్లకీ హెల్పర్లకీ గ్రాట్యుటీ హక్కు ఉందని తీర్పు చెప్పింది. తీర్పు అంగన్‌వాడీ కేంద్రం గడప దాకా దానంతటది నడిచి రాదు. ఆంధ్రప్రదేశ్‌లో 2023 డిసెంబరు 12న జీతాలూ గ్రాట్యుటీ అడుగుతూ సమ్మెకి దిగిన స్త్రీలు 42 రోజులు నిలబడ్డారు. ప్రభుత్వం మధ్యలో ఎస్మా ప్రయోగించింది. చివరికి హామీల మీద సమ్మె ముగిసింది, జీతం పెంపు మాత్రం అప్పటికప్పుడు రాలేదు. అయినా తాము చేసేది పని అని వాళ్లు రాష్ట్రమంతటి చేతా వినిపించుకున్నారు.

ఇప్పుడు చెప్పేది మనలో కొందరికి రుచించకపోవచ్చు. పల్లెల్లో కనీస వేతనం గురించి మీటింగులు పెట్టే మన సంస్థల్లో క్షేత్రస్థాయి కార్యకర్తల పరిస్థితి ఏమిటి? ప్రాజెక్టు ఉన్నన్నాళ్లే జీతం. చాలాచోట్ల నియామక పత్రం ఉండదు. రాత్రి మీటింగు ముగిశాక ఇంటికి ఎలా వెళ్తుందో ఎవరూ అడగరు. పదేళ్లుగా ఊళ్లన్నీ తిరిగిన మనిషి పేరు నివేదికలో ఉండదు, కింద సంతకం మాత్రం ఇంగ్లీషు వచ్చినవాళ్లది. ప్రసూతి సెలవును 2017లో 26 వారాలకి పెంచారు. పదిమంది, అంతకుమించి పనిచేసే ప్రతిచోటా లైంగిక వేధింపుల ఫిర్యాదులు వినే అంతర్గత కమిటీ ఉండాలని 2013 చట్టం చెబుతోంది. మన ఆఫీసులో ఆ కమిటీ సభ్యులెవరో ఇక్కడున్న ప్రతి ఒక్కరూ చెప్పగలరా?

అందుకని, ఈ సమావేశం నుంచి వెళ్లాక చేయగల పనులు కొన్ని చెబుతాను. మీ ఒక రోజుని గంటగంటకీ కాగితం మీద రాసి, ఇంట్లో అందరి ముందూ పెట్టండి. ఏ పని ఎవరికి అప్పజెప్పాలో అక్కడే మాట్లాడండి. నియామక పత్రం లేకపోతే రాతపూర్వకంగా అడగండి. ఒక్కరే వెళ్లకండి, ఇద్దరుగా వెళ్లండి. ఒకరు అడిగితే గొణుగుడు అంటారు, నలుగురు అడిగితే అది డిమాండు అవుతుంది. మీరు సేకరించిన సమాచారంతో నివేదిక రాస్తే అందులో మీ పేరు ఉండాలని పట్టుబట్టండి. నేర్చుకోవాలనుకున్న కంప్యూటరో, డ్రైవింగో, ఆగిపోయిన డిగ్రీయో ఉంటే, దానికి కావలసిన గంటల్ని సెలవుగా అడగండి, నిద్రలోంచి కోసుకోవద్దు.

వీటిలో కొన్నిటికి "కాదు" అన్న జవాబే రావచ్చు. ఆ కాదు అన్నది ఎవరో, ఏ కారణం చెప్పారో రాసిపెట్టుకోండి. వచ్చే మూడు నెలల సమావేశానికి ఆ కాగితాలు తీసుకురండి. అక్కడి నుంచి మాట్లాడుకుందాం.