గన్నేరు కంచె - కాపలా కుక్క

(సత్తెనపల్లిలో పాల సంఘాల అధ్యక్షులు, కార్యదర్శుల సమావేశంలో సహకార ఇన్‌స్పెక్టరు చేసిన ప్రసంగ పాఠం)



లెక్కల పుస్తకాలు తనిఖీ చేసే మేము పూలమొక్క గురించి మాట్లాడడమేమిటని మీకు అనిపించవచ్చు. ఇందులో మా తప్పు ఒకటి ఉన్నది. ముందుగా దానిని ఒప్పుకుంటాము.

కొన్నేళ్ళ క్రితం ఒక సంఘానికి తనిఖీకి వెళ్ళాము. పాల కేంద్రానికి ప్రహరీ లేదు. మేకలు లోపలికి వస్తున్నాయి. "ఎర్ర గన్నేరు నాటండి. మేక ముట్టదు, నీళ్ళు పెద్దగా అడగదు, పూజకు పూలూ వస్తాయి" అని మేమే సలహా చెప్పి, నివేదికలో కూడా వ్రాశాము. మొక్కలు ఏపుగా పెరిగాయి. ఒకనాడు కొమ్మలు కత్తిరించి వాకిట్లో పడవేశారు. రాత్రిళ్ళు కేంద్రాన్ని కాచే కుక్కకు అప్పుడొక పిల్ల ఉన్నది. పళ్ళు వచ్చే వయసు గాన దొరికిన పుల్లనల్లా కొరికేది. సాయంత్రానికి వాంతులు, చొంగ. తెల్లవారేసరికి చనిపోయింది. పక్క మిరప చేలో మందు కొట్టారు గాన అందరూ పురుగుమందే అనుకున్నారు. పశువైద్యులు వచ్చి వాంతిలో గన్నేరు ఆకు ముక్కలు చూపేదాకా మాకూ తోచలేదు.

మేక ముట్టదన్నది గుణమనుకున్నాము. అది హెచ్చరిక అని తర్వాత తెలిసింది.

గన్నేరులో ఆకు, పువ్వు, బెరడు, వేరు అన్నీ విషమే. ఎరుపు, తెలుపు తేడా లేదు. పచ్చగన్నేరు గింజ కూడా ప్రాణాంతకమే. ఈ విషం గుండె మీద పనిచేస్తుంది. నాడి గతి తప్పుతుంది. సంస్కృతంలో దీనికి అశ్వమారకమని పేరు, అంటే గుర్రాన్ని చంపేదని. పచ్చి ఆకు చేదు గాన పశువు సాధారణంగా వదిలేస్తుంది. ఎండితే చేదు తగ్గుతుంది గాని విషం పోదు. చొప్పలో కలిస్తే గేదె ఏరి పారవేయలేదు. 400 కిలోల పశువు ప్రాణం పోవడానికి 20 గ్రాముల ఎండాకు చాలు. కుక్కకు అంత కూడా అక్కరలేదు.

కేరళలో ఒక యువతి మరణానికి గన్నేరు కారణమన్న అనుమానం రాగా, 2024 మే నెలలో తిరువితాంకూర్ దేవస్వం బోర్డు తన ఆలయాల నైవేద్య ప్రసాదాలలో ఈ పూలు వాడరాదని నిర్ణయించింది.

కావున మా విజ్ఞప్తి ఇది.

1. కేంద్రం ఆవరణలో, దాణా గది పక్కన గన్నేరు ఉంటే తీసివేయండి. కొట్టిన కొమ్మను, రాలిన ఆకును లోతు గుంటలో పూడ్చండి. కాల్చవద్దు, పొగ కూడా హాని చేస్తుంది.

2. కుక్కగాని, గేదెగాని తిన్నదని అనుమానం వస్తే ఉప్పునీళ్ళు, నూనె పోయవద్దు. ఆ కొమ్మను వెంట పట్టుకొని వెంటనే పశువైద్యశాలకు వెళ్ళండి. పురుగుమందుకు వైద్యం వేరు, గన్నేరుకు వేరు. ఏది తిన్నదో వైద్యులకు చెప్పవలసింది మీరే.

3. కొత్తగా నాటేవారు ముళ్ళకంచె వేసి, లోపల మందారం, అవిశె నాటుకోండి. మేక దూరి తిన్నా పోయేది నాలుగు ఆకులే.

కాపలా కుక్క మన స్టాకు రిజిస్టరులో ఉండదు. అయినా రాత్రి పాలక్యాన్లకు దిక్కు అదే. ఆనాటి నివేదికలో మేము వ్రాసిన వాక్యం ఇప్పటికీ ఆ సంఘం ఫైలులో ఉన్నది. కొట్టివేసే వీలు లేదు. ఈ మాటలనే దానికి సవరణగా స్వీకరించవలసిందిగా కోరుతూ సెలవు తీసుకుంటున్నాము.