ఫోన్ శుభ్రం చేయబోయి పంట సాక్ష్యం చెరిపేసుకోవద్దు

(మండల రైతు శిక్షణా తరగతిలో సంఘం తరఫున చేసిన ప్రసంగ పాఠం)



పొద్దున్నుంచి గిట్టుబాటు ధర గురించి, కౌలు రైతుల గుర్తింపు గురించి మాట్లాడుకున్నాం. భోజనాలయ్యాక ఫోన్ల సంగతి ఏముందిలే అని వెనక వరుసలో కొందరు నవ్వుకుంటున్నారు. నవ్వండి, ఫరవాలేదు. ఒక్కసారి జేబులో ఫోన్ తీయండి. స్టోరేజ్ నిండిపోయిందనే హెచ్చరిక ఈ నెల రోజుల్లో ఎంతమందికి వచ్చింది? చేతులెత్తండి. చూశారా, సగానికి పైగానే లేచాయి.

మనలో చాలామందివి 32 జీబీ, 64 జీబీ ఫోన్లు. అందులో పెద్ద భాగం ఫోన్ నడవడానికే పోతుంది. మిగిలిన చోట మనవడి వీడియోలు, పెళ్లి ఫొటోలు, గ్రూపుల్లో వచ్చే శుభోదయాలు. అది నిండిందంటే కొత్త యాప్ ఎక్కదు, ఉన్నది అప్‌డేట్ కాదు, కెమెరా ఫొటో తీయనంటుంది. సరిగ్గా అప్పుడే మనకు ఫోన్‌తో పని పడుతుంది. 2025లో సీసీఐకి పత్తి అమ్మాలంటే కపాస్ కిసాన్ యాప్‌లో నమోదై స్లాట్ బుక్ చేసుకోవాలన్నారు. పీఎం కిసాన్ ఈకేవైసీకి యాప్‌లో ముఖం చూపించమంటారు. ఫసల్ బీమా ఉన్నచోట వడగళ్లకో ముంపుకో పంట పోతే 72 గంటల్లోగా తెలపాలి. ఆ 72 గంటల్లో ఫోన్ మొరాయిస్తే కంగారుపడి ఏది దొరికితే అది నొక్కేస్తాం. అలా నొక్కి నష్టపోయిన మన సభ్యుడొకాయన సంగతి చెబుతాం. పేరు చెప్పం, ఆయన కూడా ఇక్కడే కూర్చుని ఉన్నారు.

ఆయన నిరుడు మిరప వేశారు. మొక్క ఏపుగా పెరిగింది, కాపు లేదు. వచ్చిన నాలుగు కాయలకూ ప్యాకెట్ మీది బొమ్మకూ పొంతన లేదు. ఆయన జాగ్రత్త గల మనిషి. విత్తనం కొన్న రోజే బిల్లుకు, ప్యాకెట్ మీది లాట్ నంబరుకు ఫొటో తీసుకున్నారు. ఆ తర్వాత వారం వారం ఒకే గట్టు మీద నిలబడి అవే సాళ్లకు ఫొటోలు తీశారు. ఇంతకంటే మంచి సాక్ష్యం ఎవరు పెడతారు? ఈలోగా ఫోన్ నెమ్మదించింది. ఏదో వీడియో చూస్తుంటే మధ్యలో ప్రకటన వచ్చింది: మీ ఫోన్‌లో 4 జీబీ చెత్త ఉంది, ఒక్క నొక్కుతో శుభ్రం చేస్తాం అని. ఆయన నొక్కారు. యాప్ దిగింది, అడిగిన అనుమతులన్నీ ఇచ్చారు. ఒకే రకం ఫొటోలు, పాత స్క్రీన్‌షాట్లు అని జాబితా చూపించింది. అన్నిటికీ ముందే టిక్కులు పెట్టి ఉన్నాయి. పచ్చ బొత్తాం నొక్కారు. ఫోన్ ఖాళీ అయింది.

ఆయన సంఘం ఆఫీసుకు వచ్చేసరికి రెండు నెలలు దాటింది. ట్రాష్‌లో వెతికాం, లేవు. కాగితం బిల్లు ఉంది గానీ అది మిషన్‌లోంచి వచ్చే నున్నటి కాగితం, ఎండకు అక్షరాలు ఎగిరిపోయాయి. చివరికి మన గ్రూపులో ఎప్పుడో పెట్టిన రెండు మసక ఫొటోలు దొరికాయి. వాటితోనే అర్జీ రాశాం.

ఇక్కడ ఒక మాట అర్థం చేసుకోవాలి. క్లీనర్ యాప్‌కు ఒకే సాలు ఫొటో పదిసార్లు ఉంటే అది చెత్త. రైతుకు అవి పది వేర్వేరు తేదీలు. దానికి పాత స్క్రీన్‌షాట్ చెత్త. మనకు అది స్లాట్ నంబరు, ఎరువుల కొట్టుకు కట్టిన డబ్బు లెక్క. యాప్ తప్పు చేసిందనడం కూడా కాదు, దానికి వ్యవసాయం తెలియదు.

ఇంతకీ ఈ యాప్‌లు నిజంగా చేసేదేమిటి? ఎక్కువగా క్యాష్ అనేదాన్ని తుడుస్తాయి. క్యాష్ అంటే, రోజూ వాడే పార, కొడవలి ఇంటికి మోయకుండా మంచె కింద పెట్టుకుంటాం కదా, అలాంటిది. యాప్ తనకు మళ్లీ మళ్లీ కావలసినవి దగ్గర పెట్టుకుంటుంది. తుడిస్తే ఆ పూటకు చోటు దొరుకుతుంది, నిజమే. మర్నాడు యాప్ తెరవగానే మన డేటా ఖర్చుపెట్టి మళ్లీ తెచ్చుకుంటుంది. నాలుగు రోజుల్లో మొదటికే వస్తాం. ఇక ఫోన్ వేగం పెంచుతామనే మాట ఇంకా విచిత్రం. వెనక నడుస్తున్న యాప్‌లను మూసేస్తారు, అవి మళ్లీ తెరుచుకుంటాయి, దానికి బ్యాటరీ అదనంగా కాలుతుంది. చేలో పనిచేస్తున్న కూలీలను గట్టు మీదికి పంపి వెంటనే మళ్లీ రమ్మన్నట్టు. ఏ యాప్‌ను ఉంచాలో ఏది ఆపాలో ఆండ్రాయిడ్ తనంతట తానే చూసుకుంటుంది.

ఇంకో సంగతి. ఒక యాప్ మరో యాప్ క్యాష్‌ను నేరుగా తుడిచే వీలు ఆండ్రాయిడ్ కొన్నేళ్ల కిందటే తీసేసింది. అందుకే చాలా క్లీనర్లు యాక్సెసిబిలిటీ అనే అనుమతి అడుగుతాయి. అది చూపు సరిగా లేనివాళ్ల కోసం పెట్టిన సౌకర్యం. దాన్ని ఇస్తే ఆ యాప్ మన తెర మీద ఉన్నది చదవగలదు, మన బదులు బొత్తాలు నొక్కగలదు. బ్యాంకు యాప్ ఉన్న ఫోన్‌లో ఆ తాళంచెవి ఎవరికిస్తున్నామో చూసుకోవాలి. 2022లో మిస్టర్ ఫోన్ క్లీనర్ అనే యాప్ సాక్షాత్తూ ప్లే స్టోర్‌లోనే కూర్చుని, విదేశాల్లో బ్యాంకు ఖాతాలను దోచే షార్క్‌బాట్ అనే వైరస్‌ను ఫోన్లలోకి దించింది. 2020 జూన్ 29న మన కేంద్ర ప్రభుత్వం నిషేధించిన 59 చైనా యాప్‌లలో క్లీన్ మాస్టర్, డీయూ క్లీనర్ ఉన్నాయి. ఒకప్పుడు సెల్ షాపుల్లో కొత్త ఫోన్ కొంటే వాటిని ఉచితంగా ఎక్కించి ఇచ్చేవారు!

వాట్సాప్‌లో ఏపీకే ఫైలుగా వచ్చేది క్లీనర్ అయినా, పీఎం కిసాన్ పేరుతో వచ్చినా తెరవనే వద్దు. ఇప్పటికే తెరిచి డబ్బు పోయి ఉంటే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయండి.

మరి చోటు ఎలా? అసలు తినేది వాట్సాప్. మన దేశంలో ఫోన్లు ఎందుకు నిండుతున్నాయని గూగుల్ వాళ్లు వెతికితే శుభోదయం బొమ్మలు ఒక పెద్ద కారణమని తేలినట్టు 2018లో పత్రికలు రాశాయి. మన సంఘం గ్రూపులోనూ రోజూ పొద్దున్నే పూలు, సూర్యుడు పెట్టే నాయకులున్నారు, మేము కూడా అందులో ఉన్నాం. వాట్సాప్ సెట్టింగ్స్‌లో స్టోరేజ్ అండ్ డేటా అని ఉంటుంది, అందులో మేనేజ్ స్టోరేజ్. 5 ఎంబీ దాటినవి, చాలాసార్లు ఫార్వర్డ్ అయినవి విడివిడిగా చూపిస్తుంది. ఏ గ్రూపు ఎంత మింగిందో లెక్కతో సహా చెబుతుంది. ముందు ఆ ఫార్వర్డ్‌లు తీసేయండి. అక్కడే ఆటోమేటిక్ డౌన్‌లోడ్ ఆపేస్తే మళ్లీ నిండకుండా ఉంటుంది, కావలసిన వీడియో మాత్రమే నొక్కి దించుకోవచ్చు. ఆ తర్వాత ఫోన్ సెట్టింగ్స్‌లో ఏడాదిగా తెరవని యాప్‌లు చూసి తీసేయండి. అక్కడ క్లియర్ క్యాష్ నొక్కితే నష్టం లేదు, పక్కనే ఉండే క్లియర్ డేటా వేరు, అది నొక్కితే మీ లాగిన్, యాప్‌లో దాచుకున్నవి అన్నీ పోతాయి. యాప్‌తోనే చేస్తామంటారా, గూగుల్ వాళ్ల ఫైల్స్ యాప్ చాలు. చాలా ఫోన్లలో ముందే ఉంటుంది. దానిలోనైనా టిక్కులు మీరు పెట్టండి, దాన్ని పెట్టనివ్వకండి.

పంట ఫొటోల గురించి మాత్రం కాస్త గట్టిగా చెబుతున్నాం. విత్తనం కొన్న రైతు వినియోగదారుడే, కమిషన్‌కు వెళ్లవచ్చని 2012 జనవరిలో నేషనల్ సీడ్స్ కార్పొరేషన్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ కేసు గెలిచింది ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ రైతులే. వినియోగదారుల చట్టం కింద ఫిర్యాదుకు మామూలుగా రెండేళ్ల గడువు ఉంటుంది. కాబట్టి బిల్లు, లాట్ నంబరు, చేను ఫొటోలను కనీసం రెండేళ్లు, కేసు నడుస్తుంటే అది తేలేదాకా ఉంచాలి. వాటికి విడిగా ఒక ఫోల్డర్ పెట్టుకుని మెమరీ కార్డులోకో కంప్యూటర్‌లోకో ఎక్కించండి. వాట్సాప్‌లో ఇంకొకరికి పంపి దాచుకుంటామంటే ఫొటోగా పంపకండి. అలా పంపితే సైజు తగ్గిపోతుంది, ఎప్పుడు ఎక్కడ తీశారనే వివరాలు రాలిపోతాయి. డాక్యుమెంట్‌గా జతచేసి పంపండి, ఉన్నది ఉన్నట్టు వెళ్తుంది. నున్నటి కాగితం బిల్లులకు ఫొటోతో పాటు ఒక జిరాక్సు కూడా తీయించండి.

ఇదంతా రైతు నేర్చుకోవాలని మేం చెబుతున్నాం గానీ, అసలు తప్పు రైతుది కాదు. అమ్మకానికో యాప్, సాయానికో యాప్, నష్టానికో యాప్ పెట్టినవాళ్లు, పదివేల ఫోన్‌లో అవన్నీ పడతాయా అని ఆలోచించలేదు. ఫోన్ లేని ఒంటరి మహిళా రైతు ఏం చేయాలో చెప్పలేదు. యాప్ పనిచేయనప్పుడు కొనుగోలు కేంద్రంలోనే నమోదు చేయాలి, చేతికి కాగితం రసీదు ఇవ్వాలి. ఈ రెండు డిమాండ్లను సాయంత్రం తీర్మానంలో పెడుతున్నాం, మీ సవరణలు ఉంటే చెప్పండి.

ఇప్పుడు మన కుర్రాళ్లు ఇద్దరు ఆ కిటికీ దగ్గర ల్యాప్‌టాప్, కేబుళ్లతో కూర్చుంటారు. ముందు మీ పంట ఫొటోలు పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కిస్తారు, ఆ తర్వాతే వాట్సాప్ తెరుస్తారు. ఏది తీసేయాలో మీరే పక్కన కూర్చుని చెప్పండి. పెన్‌డ్రైవ్ తేనివాళ్లు పేరు రాయించి వెళ్లండి, వచ్చే నెల సమావేశంలో చేద్దాం.