మీట పంపే సంకేతం

పాత ప్రసంగాల ధ్వనిముద్రణలను సర్దే పనిలో ఒకనాటి సాయంకాలం మేము మరొక గదిలోని కంప్యూటరుకు టెర్మినల్ ద్వారా ఆజ్ఞలు పంపుతున్నాము. టెర్మినల్ అంటే బొమ్మల ఆర్భాటం లేకుండా అక్షరాలతోనే పని నడిపే తెర. అక్కడ వ్రాసిన ఆజ్ఞను చదివి నెరవేర్చేది షెల్. ‘ప్రసంగాలు’ అనే పెద్ద అరలో ‘నకళ్ళు’ అనే చిన్న అర ఉన్నది. తొలగించవలసినది ఆ చిన్న అర ఒక్కటే. ఆజ్ఞలో పెద్ద అర పేరు వ్రాసిన తరువాత, ఒక పదం వెనుకకు పోదామని అలవాటు కొద్దీ కంట్రోల్ మీటను, ఎడమ బాణాన్ని కలిపి నొక్కినాము. సూచిక కదలలేదు. దానికి బదులు ఒక అర్ధవిరామము, 5 అంకె, డి అక్షరము వచ్చి పడినవి. మా చూపు కాగితం మీద ఉన్నది. గమనించక చిన్న అర పేరు కూడా వ్రాసివేసినాము.

షెల్ దృష్టిలో అర్ధవిరామము అంటే ఒక ఆజ్ఞ అక్కడితో ముగిసినదని అర్థం. ఎంటర్ మీట నొక్కి ఉంటే పెద్ద అర యావత్తూ పోయేది. మిగిలిన తోక మాత్రం తనకు బోధపడలేదని షెల్ వినయంగా విన్నవించుకొనేది! అదృష్టవశాత్తు అంతకు ముందే తల యెత్తి చూచినాము.

ఇలా యెందుకు జరిగినది? టెర్మినల్ షెల్‌కు మీట పేరును పంపదు, అంకెలను పంపుతుంది. 1963లో అమెరికాలో వెలువడిన ఆస్కీ పద్ధతిలో పెద్ద ఏ అక్షరానికి 65. కంట్రోల్ కలిపితే 1. ఐ అక్షరానికి కంట్రోల్ కలిపితే 9 వస్తుంది, ట్యాబ్ మీట పంపేదీ అదే. ఆ రెంటికీ భేదం షెల్‌కు తెలియదు. బాణం మీటలకు ఆ పట్టికలో చోటు లేదు. అందుచేత 1978 నాటి వీటీ100 యంత్రం మొదలు నేటి టెర్మినళ్ళ దాకా 27 సంఖ్య గల ఎస్కేప్‌ను ముందుంచి, వెనుక కొన్ని గుర్తులను చేర్చి పంపుతున్నవి. మా షెల్ ఆ వరుసలో తాను ఎరిగినంత మ్రింగి, ఎరుగని శేషాన్ని తెరపై వదలినది.

ఏ మీట ఏమి పంపుతున్నదో పుస్తకాలు వెదకడం కంటే టెర్మినల్‌నే అడగడం మేలని మా అభిప్రాయం. బాష్ షెల్‌లో కంట్రోల్, వి కలిపి నొక్కి, పిమ్మట కావలసిన మీటను నొక్కితే సంకేతం ఉన్నదున్నట్లు కనబడుతుంది. మాకు కనబడినవి టోపీ గుర్తు, రెండు చదరపు కుండలీకరణాలు, 1, అర్ధవిరామము, 5, డి. టోపీ, మొదటి కుండలీ కలిసి ఎస్కేప్‌కు ప్రతినిధులు. 5 అంటే కంట్రోల్ తోడున్నదని. షిఫ్ట్ అయితే 2, ఆల్ట్ అయితే 3. క్యాట్ అనే ఆజ్ఞ నిచ్చి మీటలు నొక్కినా ఇదే తెలుస్తుంది. అయితే ఎస్‌తో కంట్రోల్ కలిపితే తెర స్తంభించిపోవచ్చును. భయపడనక్కరలేదు, కంట్రోల్ క్యూ నొక్కితే తిరిగి కదులుతుంది.

ఆ సంకేతాన్ని ‘ఒక పదం వెనుకకు’ అనే పనితో జతపరచి, ఇన్‌పుట్‌ఆర్‌సి అనే అమరికల పత్రంలో ఒక్క పంక్తి వ్రాసినాము. ఇంటిలోని టెర్మినల్‌కూ ఇదే పంక్తి సరిపోతుందన్న పూచీ లేదు; హోమ్ మీట ఒక్కటే వేర్వేరు టెర్మినళ్ళలో వేర్వేరు సంకేతాలు పంపుతుంది. అక్కడ మళ్ళీ అడగవలసినదే.

కొత్త షెల్ తెరచి బాణం నొక్కినాము. సూచిక ఒక పదం వెనుకకు జరిగినది. నకళ్ళను మాత్రం ఆ రాత్రి తొలగించలేదు. మరునాటి ఉదయం, కాగితం ప్రక్కన పెట్టి, తెరనే చూస్తూ తొలగించినాము.