క్లిప్పులు తీశాక చిగురు దిగితే: నా సర్జరీ సంగతి

మూడు నెలల కింద ఒక ఎపిసోడ్‌లో నోరు సరిగ్గా తెరవకుండా మాట్లాడాను, గుర్తుందా? అప్పుడు నా నోట్లో కుట్లున్నాయి. ఇవాళ ఆ కథ.

బీటెక్ సెకండియర్‌లో పళ్లకు క్లిప్పులు పెట్టించుకున్నా. తీసేశాక పళ్లు మళ్లీ వంకర పోకుండా కింది పళ్ల వెనక సన్నటి తీగ అతికించి పంపారు. అప్పుడప్పుడు వచ్చి చూపించుకోమని ఆ క్లినిక్ వాళ్లు చెప్పలేదు, నేనూ పోలేదు. తర్వాత జాబ్, నైట్ షిఫ్టులు. ఒకరోజు చల్లటి నీళ్లు తాగితే కింద ఒక పన్ను జివ్వుమంది. అద్దంలో చూస్తే ఆ ఒక్కటే పొడుగ్గా ఉంది. పన్ను పెరగలేదు, చిగురు దిగిపోయి వేరు బయటపడింది.

"మన దిక్కు నీళ్లే అట్లుంటయి బిడ్డా" అన్నాడు నాన్న. పటాన్‌చెరులో ఏ రోగమొచ్చినా ముందు నీళ్లనే అంటాం. నక్కవాగు చూసినోళ్లకు ఆ అనుమానం ఊరికే రాలేదు. కానీ ఫ్లోరైడ్ పళ్ల రంగు మారుస్తది, ఒక్క పన్ను దగ్గరే చిగురును దింపదు.

అసలు సంగతేంటంటే, కింది ముందు పళ్లకు ముందువైపు ఎముక చాలా పల్చగా ఉంటుంది. వేరు ఆ ఎముక దాటి ముందుకొస్తే పల్చటి చిగురు నిలబడదు. నా తీగ కొంచెం మెలితిరిగి ఆ వేరును ముందుకు తిప్పుతూ వచ్చిందంట, ఏళ్లకేళ్లు. మన భాషలో చెప్పాలంటే బ్యాక్‌గ్రౌండ్‌లో ఎవరూ చూడని ప్రాసెస్.

అందుకే ముందు తీగ తీసి, వేరును కొంత వెనక్కి తెచ్చారు. అది చేయకుండా కుడితే మళ్లీ దిగే ప్రమాదం ఉంటుంది. తర్వాత మత్తు సూది ఇచ్చి, అంగిట్లో పైపొర కింద నుంచి ఒకటిన్నర మిల్లీమీటర్ మందం కూడా లేని ముక్క తీసి, వేరు మీద పరిచి, చిగురును పైకి లాగి కుట్టారు. 1985లో లాంగర్ అనే ఇంటిపేరున్న ఇద్దరు డాక్టర్లు రాసిన పద్ధతి ఇది. నిజం చెప్తున్నా, కింద కన్నా అంగిలే ఎక్కువ నొప్పి. రెండు వారాలు అక్కడ బ్రష్ వద్దన్నారు, క్లోర్‌హెక్సిడిన్‌తో పుక్కిలించుడే. జొన్నరొట్టె బంద్, పెరుగన్నమే గతి.

పళ్ల మధ్య ఎముక, చిగురు బాగుంటేనే వేరు పూర్తిగా కప్పుకునే ఛాన్స్. నాకు అవి బాగున్నాయి, కానీ పన్ను ఇంకా కొంచెం ముందుకే ఉంది కాబట్టి చిన్న గీతంత వేరు మిగిలింది. డాక్టర్ ముందే చెప్పారు, అందుకే బాధ లేదు.

మన సంగారెడ్డి వాళ్లకు ఫసల్‌వాదిలో ఎంఎన్ఆర్ డెంటల్ కాలేజీ, సిటీలో అఫ్జల్‌గంజ్ గవర్నమెంట్ డెంటల్ హాస్పిటల్ ఉన్నాయి. పోతే పీరియోడాంటిక్స్ విభాగం ఎక్కడని అడగండి. వెనక తీగ ఉన్నోళ్లు అది కూడా చూపించండి.

నేనైతే ఇప్పుడు రాత్రిపూట పెట్టుకుని పొద్దున తీసే రిటైనర్ వాడుతున్నా. నిన్న ఐస్ వేసిన చెరుకురసం తాగా, జివ్వుమనలేదు.