భాగవంతిని ఎందుకు మెచ్చుకున్నాం?



వంట ముగించుకుని సీరియల్ వేళకి టీవీ ముందు కూర్చుంటే, "ఆడవాళ్లకి ఇదో పిచ్చి" అని ఇంట్లో ఎవరో ఒకరు దెప్పడం మనకి కొత్త కాదు గదా! కానీ ఒకప్పుడు మన దేశంలో సీరియల్‌ని మొదలుపెట్టిందే నాలుగు మంచిమాటలు ఇంటింటికీ చేరాలని. ఆ సంగతే ఈవేళ ముచ్చటించుకుందాం.

దీని మూలం ఎక్కడో పెరూ దేశంలో ఉంది. 1969లో అక్కడ 'సింప్లెమెంటె మరియా' అనే సీరియల్ వచ్చింది. పనిమనిషి మరియా చదువూ, కుట్టుపనీ నేర్చుకుని పైకొస్తుంది. అంతే, అది చూసిన పనిపిల్లలు చాలామంది చదువుకోవడానికి బయల్దేరారు, కుట్టుమిషన్లు కొనుక్కున్నారు. మెక్సికోలో మిగెల్ సబిదో అనే ఆయన ఇది గమనించి, 1975లో వయోజన విద్య కోసం ఒక సీరియల్, 1977లో కుటుంబ నియంత్రణ కోసం మరొకటి తీశాడు.

ఆ దారిలోనే మన దూరదర్శన్‌లో 1984 జూలైలో 'హమ్ లోగ్' మొదలై, 1985 డిసెంబరు దాకా నడిచింది. రాసింది మనోహర్ శ్యామ్ జోషి. ప్రతి భాగం చివరా నటుడు అశోక్ కుమార్ వచ్చి ఇంట్లో పెద్దాయనలా నాలుగు మాటలు చెప్పేవాడు. మొదట్లో కుటుంబ నియంత్రణ పాఠాలు మోతాదు మించేసరికి జనానికి విసుగొచ్చింది. పాఠం తగ్గించి కథ పెంచాక అందరూ అతుక్కుపోయారు.

అందులో తాగుబోతు తండ్రి బసేసర్ రామ్, నోరెత్తని తల్లి భాగవంతి, అయిదుగురు పిల్లలు. "ఇలా అణిగిమణిగి ఉంటే ఆడదాని బతుకు ఇలాగే ఉంటుంది సుమా" అని హెచ్చరించడానికే ఆ తల్లి పాత్రను పెట్టారు. జరిగింది వేరు! అరవింద్ సింఘాల్, ఎవరెట్ రోజర్స్ అనే పరిశోధకులు తరువాత ప్రేక్షకులను అడిగితే, చాలామంది ఆమెనే ఆదర్శమన్నారట.

నాకిది వింత అనిపించలేదు. అప్పుడు నాకు అయిదేళ్లు. పక్కింటి పిన్నిగారి టీవీలో అమ్మ ఆ సీరియల్ చూసేది. హిందీ రాదు. పిన్నిగారు చెప్పినంత విని, "ఎంత ఓర్పు తల్లీ!" అని కళ్లొత్తుకునేది. పక్కనే కూచున్న నేను, మంచి ఆడదంటే ఇలా ఉండాలి కాబోలు అనుకున్నాను. పదేళ్ల తర్వాత నేను మెట్రిక్ పాసైతే, "చదివింది చాల్లే" అన్నారు ఇంట్లో. అమ్మ ఏమీ మాట్లాడలేదు. నేనూ మాట్లాడలేదు. ఓర్చుకున్నాం.

తప్పు ఆ సీరియల్‌ది కాదు. అదే ఇంట్లో డాక్టరు కావాలని పట్టుబట్టిన చుట్కీ అనే పిల్ల ఉంది. ఆమెను మేము మెచ్చుకోలేదు, అంతే. 1985లో 'రజని' వచ్చింది. ప్రియా తెందూల్కర్ వేసిన ఆ గృహిణి గ్యాసు బండ దగ్గర జరిగే మోసాన్ని నిలదీస్తే, డీలర్లు నిరసనకు దిగారు! 1989లో కవితా చౌదరి తన అక్క కాంచన్ జీవితం ఆధారంగా 'ఉడాన్' తీసి, పోలీసు ఆఫీసరు అయ్యే పిల్లగా తానే నటించింది. ఆ కాంచన్ చౌదరి భట్టాచార్యే 2004లో ఉత్తరాఖండ్ డీజీపీ అయింది. దేశంలో ఒక రాష్ట్రానికి డీజీపీ అయిన మొదటి మహిళ ఆమే.

కాబట్టి నా మనవి ఒక్కటే. సీరియల్ చూడొద్దని నేననను. చూడండి, ఏడవండి, నవ్వండి. కానీ మీ పక్కన ఒక ఆడపిల్ల కూచుని ఉంటే, ఎవరిని చూసి "ఆహా" అంటున్నారో కాస్త చూసుకోండి. ఆ పిల్ల కథ కన్నా మీ "ఆహా"నే బాగా గుర్తుపెట్టుకుంటుంది. సెలవు.